ఇంటి పన్ను నోటీసు చదువుకుందాం

హైదరాబాదులో ఇంటి పన్ను నోటీసు రాగానే మనం అడుగునున్న మొత్తమే చూస్తాం. చూడాల్సింది పైనున్న కొలత. ఇక్కడ పన్నుకు ఆధారం ఇంటి ధర కాదు, అద్దె విలువ. చదరపు అడుగుకు నెలకింత అని ప్రాంతాన్ని బట్టి కార్పొరేషన్ వారు ఖరారు చేస్తారు. వెయ్యి అడుగుల ఇంటికి అడుగు రూపాయిన్నర అనుకోండి. నెలకు 1,500, ఏడాదికి 18,000. ఇంటి వయసును బట్టి తరుగుదల తీసి, మిగిలినదానిపై పన్ను వేస్తారు. అడుగులు ఎక్కువ రాసినా, కాపురమున్న ఇంటిని దుకాణమని రాసినా ఏటా మనకే భారం. గడువులోగా అభ్యంతరం రాసిచ్చి రసీదు పుచ్చుకోవాలి. (ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువే ఆధారం, అక్కడి మన బంధువులకు ఈ లెక్క పనికిరాదు.)

అసలు చిక్కు వేరే ఉంది. అబ్బాజాన్ పోయి ఇరవై ఏళ్లయినా నోటీసు ఆయన పేరునే వస్తుంటుంది. పెద్దన్న కడుతుంటాడు, తక్కినవారు ఊరుకుంటారు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. కట్టినంత మాత్రాన ఇల్లు ఆయనదైపోదు, కట్టనందుకు చెల్లెళ్ల వాటా పోదు. వారసులందరూ కలిసి పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవాలి. పాత రసీదులు మాత్రం పారేయకండి, అప్పుడవే అడుగుతారు.