వంటయింటి అలమరకు తెల్లరంగు

సంక్రాంతి సమీపించునప్పుడు గోడలకు వెల్ల వేయించుట మన యిండ్లలో పరిపాటి. గోడలు తెల్లబడిన పిమ్మట వంటయింటిలోని చెక్క అలమర మరింత నల్లగా కనబడును. పోపుల పొగ, నూనె ఆవిరి, ఏండ్ల తరబడి తలుపులపై పడిన పసుపుచేతి ముద్రలు ఒక్కసారిగా కంటబడును. "దీనికి కూడ తెల్లరంగు వేయరాదా?" అను ప్రశ్న అప్పుడు పుట్టును. నిస్సందేహముగా వేయవచ్చును. పనికి రెండు సెలవుదినములు చాలును. ఆరుటకు మాత్రము వారము పట్టును.

అయితే గరుకు కాగితము చేతబట్టుటకు ముందే ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. ఆ అలమరపై నున్న పాతరంగు ఏనాటిది? సఫేదా యను పేరుతో పూర్వము అంగళ్ళలో దొరకిన తెల్లపొడులలో సీసపు సఫేదా యొకటి. ఇండ్ల లోపలి రంగులలో దానిని వాడరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒడంబడిక చేసినది. మన దేశములో గృహావసరములకు వాడు రంగులలో సీసము పదిలక్షల వంతులకు 90 వంతులు మించరాదను నియమము 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కనుక అంతకు పూర్వము పూసిన రంగులో, అందులోను పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులలో, సీసము లేదని తలచుటకు వీలులేదు.

పొడిగా గీకినచో లేచెడి ధూళి కంటికి కనబడనంత సన్నము. అది నేలపై పడును. ప్రాకెడు బిడ్డ చేయి నేల మీదినుండి నోటికి పోవును. సీసము పసివారి మెదడు పెరుగుదలకు హానిచేయును. ఇంతవరకు తగిలిన పరవాలేదను హద్దు ఏదియు తెలియరాలేదు. కావున పాతపూత గట్టిగా నిలిచియున్నచో దానిని పెకలింపకుడు. దానిపైననే రంగు వేయుడు. నునుపు పోగొట్టవలసినచో నీటిలో తడిపి రుద్దెడి కాగితమునే వాడుడు. పిల్లలను, గర్భవతులను ఆ రెండు దినములు వేరొక యింటికి పంపుట మేలు. చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. మంటతో పాతరంగు కాల్చి తీయుట ఎంతమాత్రము కూడదు.

ఇక పని సంగతి. తలుపులు ఊడదీయుటకు ముందు ఏ తలుపు ఎచ్చటిదో, ఏ బందు ఎచ్చటిదో లోపలివైపున పెన్సిలుతో అంకె వేయుడు. నాలుగు తలుపులు ఒక్కటివలెనే యుండును గాని, మన వడ్రంగుల చేతిపనిలో ఏ రెండును సమానముగా నుండవు! పిదప చాకలిసోడా కలిపిన వేడినీటితో జిడ్డు కడిగి, మంచినీటితో తుడిచి, ఒక దినము ఆరనిండు. రంగు పెచ్చులూడుటకు ముఖ్యకారణము జిడ్డే. రంగు మంచిది కాదని అంగడివానిని నిందించువారిలో పెక్కుమంది ఈ కడుగుట మానినవారే యని నా యభిప్రాయము.

చెట్టుముడులున్న చోట్లను, టేకు చెక్కమీదను గోధుమరంగు చారలు తెల్లరంగును చీల్చుకొని పైకి వచ్చును. ఎన్ని పూతలు వేసినను అవి దాగవు. స్పిరిటులో కరగించిన చపడాలక్కను ముందుగా పూసినచో ఆ చారలు అడుగుననే నిలిచిపోవును. పగుళ్ళకు లప్పము పెట్టి, ఆరిన తరువాత నునుపు చేసి, ప్రైమరు ఒకపూత, పైరంగు పలుచగా రెండు పూతలు వేయుడు. ఒక్క దళసరిపూతతో ముగించు తొందర వలదు. అది కారును, ముడుతలు పడును.

నూనెరంగు గట్టిదే గాని వెలుతురు తగలని చోట క్రమముగా పసుపుపచ్చబడును. ముఖ్యముగా తెలుపు కోరువారికి నీటితో పలుచన చేయు ఆక్రిలిక్ ఎనామెలు తగినది. లోపలి అరలకు రంగు అనవసరమని నా తలంపు. ఆవకాయ జాడీ అడుగున నిలిచెడి నూనె వలయము ఏ తెలుపును బ్రతుకనీయదు; అచ్చట కాగితము పరచుటయే సుఖము.

టర్పెంటైను వాడునంతసేపు పొయ్యి వెలిగింపరాదు, కిటికీలు తెరచియుంచవలెను. నూనెరంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయకుడు. అవిసెనూనె ఆరునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి ఉండలో నిలిచి దానంతట నిప్పు రాజుకొనవచ్చును. గుడ్డలను విప్పి, నీట తడిపి, పెరటిలో ఒక్కొక్కటిగా ఆరవేయుడు.