బ్యాటరీని అడగాల్సిన మూడు ప్రశ్నలు



గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరిన కార్మికుడి బండి సెల్ఫ్ అందుకోకపోతే ఆ రోజు మస్టర్ పోయినట్టే. ఓపెన్‌కాస్టులో డంపర్ స్టార్ట్ కాకపోతే బొగ్గు కదలదు. రెండింటికీ బ్యాటరీయే ఆధారం: బండికి 12 వోల్టులు, డంపర్‌కు 24 వోల్టులు.

సింగరేణి కార్మికులకు బ్యాటరీ కొత్తది కాదు. ఎల్‌ఈడీ దీపాలు రాకముందు, భూగర్భ గనిలోకి దిగేవాళ్లు నడుముకు బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీ కట్టుకునేవారు. షిఫ్టు దిగగానే ల్యాంప్ రూమ్‌లో ఇచ్చేస్తే, అక్కడివాళ్లు దాన్ని ఛార్జింగుకు పెట్టేవారు. ఆ క్రమశిక్షణే ఇంటి ముందున్న బండికీ కావాలి.

మొదటి ప్రశ్న వోల్టేజి. బండి ఆపిన వెంటనే మీటరు పెడితే అంకె ఎక్కువగా చూపిస్తుంది. రాత్రంతా వదిలేసి పొద్దున చూడాలి. 12 వోల్టుల బ్యాటరీలో 12.6 దాటితే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగం, 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ.

రెండో ప్రశ్న గ్రావిటీ. బ్యాటరీ వాడుతున్నకొద్దీ గంధకామ్లం పలకల్లోకి చేరి, ద్రవం పలచనవుతుంది. పాలకేంద్రంలో లాక్టోమీటరు పాల చిక్కదనం చెప్పినట్టే, హైడ్రోమీటరు యాసిడ్ సాంద్రత చెబుతుంది. నిండు ఛార్జిలో సుమారు 1.260, ఖాళీ అయితే 1.120 ప్రాంతం. వేడి ప్రాంతాలకు కొంచెం పలచటి యాసిడ్ నింపుతారు కాబట్టి తయారీదారు చెప్పిన అంకెతోనే పోల్చాలి. రామగుండం ఎండల్లో యాసిడ్ వేడెక్కితే ప్రతి 10 డిగ్రీలకు అంకె 0.007 తగ్గుతుంది; అంత కలుపుకోవాలి. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే కొలవకూడదు. ఆరు సెల్‌లలో ఒక్కటి మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపితే, జబ్బు ఆ సెల్‌లోనే ఉంది. సీల్డ్ బ్యాటరీకి ఈ పరీక్ష కుదరదు.

మూడోది లోడ్ పరీక్ష. లోడ్ పెట్టినప్పుడు 15 సెకన్ల పాటు 9.6 వోల్టుల కన్నా దిగకుండా నిలబడాలి. కానీ నిండుగా ఛార్జ్ చేశాకే ఈ పరీక్ష పెట్టాలి. లేకపోతే మంచి బ్యాటరీ కూడా ఓడిపోతుంది, పనికిరాదని పాత సామాన్లకు పోతుంది. నా మనసును కలచేది ఇదే. కొత్త బ్యాటరీ అంటే కాంట్రాక్టు కార్మికుడికి చాలా రోజుల కూలి.

అలాగని ఖాళీ బ్యాటరీని వారాల తరబడి వదిలేయకండి. పలకలపై సల్ఫేటు గట్టిపడితే తర్వాతి ఛార్జింగ్ ఎక్కదు. ఛార్జింగులో హైడ్రోజన్ వాయువు వస్తుంది, దగ్గర బీడీ వెలిగించకండి. యాసిడ్ పడితే వెంటనే నీళ్లు ధారాళంగా పోసి కడగండి. నిజంగానే చచ్చిన బ్యాటరీని వీధిలో పగలగొట్టనివ్వకండి. అందులోని సీసం పిల్లల మెదడుకు విషం. అమ్మిన దుకాణానికే తిరిగివ్వండి.

షాపుకు వెళ్లినప్పుడు ఆరు సెల్‌ల గ్రావిటీ కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ అంకెలు చూశాకే కొత్త బ్యాటరీకి డబ్బు తీయండి.