ముందు పర్మాలింకు, ఫీడు, తక్కినవి తర్వాత

బ్లాగు మొదలుపెట్టాలనుకునేవారిని బెదరగొట్టేవి అందులోని మాటలే. నిజానికి చాలావరకు తేలికైనవి. ప్రచురించే ప్రతి రచనా ఒక టపా. దాని కింద పాఠకులు రాసేది వ్యాఖ్య. వంటలు, ప్రయాణాలు అంటూ టపాలను విడదీసేది వర్గం. ఇవి వాడుతూ ఉంటే వాటంతటవే వచ్చేస్తాయి. ముందే అర్థం చేసుకోవలసినవి మాత్రం రెండు: పర్మాలింకు, ఫీడు. పర్మాలింకు అంటే ఒక్కో టపాకూ ఉండే శాశ్వత చిరునామా. బ్లాగు మొదటి పేజీలో కొత్త టపా పైకి వస్తుంది, పాతది కిందికి జారుతుంది. ఆ పేజీ చిరునామా ఎవరికైనా పంపితే, నెల తర్వాత వారికి అక్కడ కనిపించేది వేరే రచన. పర్మాలింకు పంపితే ఎప్పుడైనా అదే టపా తెరుచుకుంటుంది. అందుకే ప్రచురించాక ఆ చిరునామాను ఊరికే మార్చకూడదు. మారిస్తే ఇతరులు ఇచ్చిన లంకెలు తెగిపోతాయి.

ఫీడు అంటే కొత్త టపాల శీర్షికలు, తేదీలు, లంకెలతో బ్లాగు తనంతట తాను తయారుచేసే జాబితా. కూడలి, జల్లెడ వంటి తెలుగు సంకలినులు ఎక్కడెక్కడి బ్లాగులనో ఒకచోట చూపింది దీని ఆధారంగానే. ఫేస్‌బుక్‌లో రాసుకుంటే ఈ తంటా లేదు కదా అనవచ్చు. నిజమే, పాఠకులు అక్కడ త్వరగా దొరుకుతారు. కానీ ఎవరికి ఏది చూపాలో తేల్చేది ఆ సంస్థ. ఫీడుకు చందా కట్టుకున్నవారికి ప్రతి కొత్త టపా అందుతుంది. చందా అంటే డబ్బు కాదు లెండి. 2013లో ఫీడులు చదివే గూగుల్ రీడర్ మూతపడినప్పుడు వాటి పని అయిపోయిందన్నవారున్నారు. పోయింది చదివే పనిముట్టు మాత్రమే; పాఠకులు తమ చందాల జాబితాను దించుకుని మరో రీడరులోకి ఎక్కించుకోగలిగారు. ఇవాళ పాడ్‌కాస్టుల కొత్త భాగాలు ఫోనుకు చేరుతున్నదీ ఎక్కువగా ఈ ఫీడుల ద్వారానే.