ఇత్తడి గొట్టము, మందు తూకము

అమెరికాలో గురిపందెములయందు ఆసక్తి గలవారు పలువురు, కాల్చగా మిగిలిన ఇత్తడి తూటాగొట్టమును పారవేయక, శుభ్రపఱచి, క్రొత్త ప్రైమరును (మందును రగిల్చు బిళ్ళను), తుపాకిమందును, గుండును చేర్చి మరల వినియోగింతురు. ఏలయన తూటాలో మిక్కిలి వెల గలది ఆ గొట్టమే. (మనదేశమున 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి, అనుమతి లేక తూటాలు చేయుట నేరము.)

ఇట్లు తూటాను మరల నింపు విద్యకు మొదట కొనవలసినది యంత్రము గాదు, ప్రామాణికమైన మందు కొలతల గ్రంథము. మందును గ్రెయినులలో తూతురు. 7000 గ్రెయినులు ఒక పౌండు. కంసాలి గురివిందగింజతో బంగారము తూచునంతటి శ్రద్ధ ఇచట ప్రాణావసరము: పొరపాటున ఒకే గొట్టమున రెండుమారులు మందు పడెనా, తుపాకి చేతిలోనే పగులవచ్చును. కావుననే అనుభవజ్ఞులు గుండు బిగించుటకు ముందు గొట్టములను వరుసగా నిలిపి, దీపము పట్టి, ఒక్కొక్కదానిలో మందు మట్టమును పరికింతురు. మెడకడ వెండ్రుకవాసి బీట కానవచ్చినను ఆ గొట్టమును విసర్జింతురు.