భూమి క్రయవిక్రయములలో మధ్యవర్తి

బియ్యము, బట్ట, వంటపాత్రలు కొనుటలో మనకు నేర్పు సహజముగనే అలవడును. ఈ వారము మోసపోయినచో వచ్చే వారము జాగ్రత్తపడుదుము. భూమి సంగతి అట్లు కాదు. సామాన్య కుటుంబము జీవితకాలములో ఒక్కమారు ఇంటిస్థలము కొనును. రైతు తన తాతనాటి చేనును ఒక్కమారే అమ్మును. అందు పొరపాటు జరిగినచో, దానివలన నేర్చిన పాఠమును మరల వినియోగించుకొను అవకాశము రాదు. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు ఊరక అనలేదు. ఇట్టి వ్యవహారములనే వృత్తిగా చేసికొని, పదిమంది తరఫున పదిమారులు నడిపిన మధ్యవర్తి వలన మనకు కలుగు మేలేమి, ఆ మేలునకు హద్దులెవ్వి అను విషయమును ఈ ప్రసంగమున విచారింతము.

మధ్యవర్తి మనకు క్రొత్తవాడు కాడు. పశువుల సంతలో తువ్వాలు చాటున వ్రేళ్ళు పట్టి ధర తెలుపుకొను బేరగాండ్రను మనమెరుగుదుము. పెండ్లి సంబంధములకు పేరయ్య ఉండనే యున్నాడు. అయినను దళారి యన్న మాటకు మన భాషలో కొంత చిన్నచూపు అంటుకొన్నది. ఆ చిన్నచూపులో కొంత న్యాయము, కొంత అన్యాయము కలవు. రెంటిని వేరుపరచి చూడవలెను.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము మండలములోని కొంగరకలాన్‌ను ఉదాహరణగా తీసికొందము. కలాన్ అనగా పెద్దది, ఖుర్ద్ అనగా చిన్నది. పారసీ నుండి రెవెన్యూ లెక్కలలోనికి వచ్చిన మాటలివి. కొంగరకలానునకు తోడుగా కొంగరఖుర్దు కూడ కలదు. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఏర్పడిన పిదప ఈ ప్రాంతము నగరమునకు చేరువయ్యెను. 2018 సెప్టెంబరు 2న ఇచ్చట జరిగిన భారీ రాజకీయ సభతో ఊరి పేరు రాష్ట్రమంతటను వినబడెను. 2022 ఆగస్టు 25న జిల్లా కలెక్టరు కార్యాలయ సముదాయము ఇచ్చట ప్రారంభమయ్యెను. 2023 మే 15న ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ఇట్టి మార్పులు వచ్చిన చోట ఎకరముల లెక్కన పలికిన నేల గజముల లెక్కన పలుకసాగును.

ఈ మార్పులోనే చిక్కున్నది. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు, వెరసి ఎకరమునకు 4,840 గజములు. ఎకరముల లెక్కతో ఆలోచించు రైతు ఎదుట గజముల లెక్కతో ఆలోచించు కొనుగోలుదారుడు కూర్చుండినప్పుడు రైతు నష్టపోవుట సులభము. ఇక ప్రక్క వెంచరులో గజము ధర విని, దానిని 4,840తో గుణించి, అంతకు తక్కువకు ఇయ్యనని కూర్చుండు రైతునకు బేరమే కుదరదు. లేఅవుటులో రోడ్లకును, ఖాళీ జాగాలకును విడువగా మిగిలినదే ప్లాటులగును. అనుమతుల రుసుములు, రోడ్లు, మురుగుకాలువలు, విద్యుత్తు స్తంభములు, ఈ ఖర్చులన్నియు ఆ గజము ధరలో ఇమిడియుండును. ఈ లెక్కను ఇరువురకు విడమరచి చెప్పగలవాడు మంచి మధ్యవర్తి. ప్రభుత్వము రిజిస్ట్రేషనునకై నిర్ణయించిన విలువ వేరు, బజారులో పలుకు ధర వేరు. ఇటీవల ఇరుగుపొరుగున నిజముగా ఎంతకు చేతులు మారినదో అతనికి తెలియును. ఇది మొదటి మేలు.

రెండవ మేలు కాగితముల విషయమున కనబడును. భూమిని కన్నులతో చూచుట సులభము, దాని చరిత్రను చూచుట కష్టము. తెలంగాణములో 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలు నేటి పట్టాదారు పాసుపుస్తకము వరకు హక్కు ఎవరినుండి ఎవరికి ఎట్లు వచ్చినదో గొలుసువలె తెగక కనబడవలెను. ఒక కొక్కెము ఊడినను గొలుసు గొలుసు కాదు. ప్రభుత్వము నిరుపేదలకు అసైన్ చేసిన భూమి అయినచో, 1977 నాటి చట్టము దాని క్రయవిక్రయములను నిషేధించినది. రక్షిత కౌలుదారు ఉన్నచో 1950 నాటి కౌలుదారీ చట్టము ప్రకారము అతని హక్కును విచారించవలెను. సర్వేనంబరు నిషేధిత జాబితాలో ఉన్నచో రిజిస్ట్రేషనే సాగదు. భూమిపై అప్పుగాని తాకట్టుగాని ఉన్నదేమో భారముల ధ్రువపత్రము వలన తెలిసికొనవలెను. కాగితము చూపిన నేలయు, కన్నులు చూచిన నేలయు ఒకటేనా యని సర్వేయరుచే కొలిపించి రూఢి చేసికొనవలెను.

అన్నిటికంటె తరచుగా మరచు సంగతి ఆడుబిడ్డల సంతకము. హిందూ వారసత్వ చట్టమునకు 2005లో వచ్చిన సవరణ, ఉమ్మడి కుటుంబపు పూర్వార్జితములో కుమార్తెకు కుమారునితో సమానముగ జన్మహక్కు నిచ్చినది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించియుండవలె నన్న నియమము లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అన్నదమ్ములు సంతకములు చేసి సొమ్ము తీసికొని పోయిన పిదప, అత్తవారింట నున్న అక్క తన వాటా యేదని అడిగినచో ఆమె తప్పు లేదు. కాని స్థలము కొన్న కుటుంబము న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చును. అనుభవమున్న మధ్యవర్తి బేరమునకు ముందే "ఇంటి ఆడుబిడ్డలెందరు? వారు సమ్మతించిరా?" అని అడుగును. ఆ ఒక్క ప్రశ్న ఒక కుటుంబమునకు సోదరప్రేమను, మరొక కుటుంబమునకు జీవితకాలపు పొదుపును కాపాడును.

మూడవ మేలు మాట మర్యాదకు సంబంధించినది. కొనువాడు నేలలో లోపములు చూపవలెను, అమ్మువాడు గుణములు చెప్పవలెను. ముఖాముఖిగా ఈ పని సాగినచో మాట మీద మాట పెరుగును. తాతలు దున్నిన చేనును "రాళ్ళనేల" యన్నచో రైతు మనసు నొచ్చుకొనును. మధ్యవర్తి ఆ మాటలోని ముల్లు తీసి, సారమును మాత్రము అవతలి వారికి చేరవేయును. బేరము తెగిపోవునట్లున్నప్పుడు రెండు దినములు ఆగి మరల ఇరువురను కూర్చుండబెట్టును. దూరదేశమున ఉద్యోగము చేయుచు స్వగ్రామమున స్థలము కొనగోరువారికిని, తోడులేని వృద్ధులకును ఈ సహాయము మరింత అవసరము.

నాల్గవది కార్యాలయముల పని. తెలంగాణములో 2020 అక్టోబరు చివర నుండి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీలుదారు కార్యాలయమున జరుగుచున్నది. ఇండ్లస్థలములకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవలెను. నాడు ధరణి పేర వచ్చిన పద్ధతి స్థానమున 2025 ఏప్రిల్ 14 నుండి భూభారతి వచ్చినది. చట్టములు మారినప్పుడెల్ల ఏ కాగితము ఎచ్చట ఇయ్యవలెనో తెలియక సామాన్యులు తిరుగుచుందురు. సమయము ముందుగా నమోదు చేయించుట, సాక్షులను సిద్ధపరచుట, రుసుములు లెక్కకట్టుట మధ్యవర్తికి నిత్యకృత్యములు.

ఇంతవరకు మేలు చెప్పితిమి. ఇక హద్దులు చెప్పవలెను. మధ్యవర్తి న్యాయవాది కాడు. "కాగితములన్నియు సరిగా నున్నవి" అని అతడన్నంత మాత్రమున అవి సరి యైనవని నమ్మరాదు. బేరము కుదిరిననే అతనికి ప్రతిఫలము ముట్టును గనుక, కుదుర్చవలెనన్న తొందర అతనికి సహజము. కొందరు మరింత ముందుకు పోవుదురు. రైతుతో తక్కువ ధరకు ఒప్పందము వ్రాయించుకొని, కొద్దిపాటి బయానా యిచ్చి, ఆ ఒప్పందమునే చేతబట్టుకొని ఎక్కువ ధరకు మరియొకరికి అప్పగింతురు. నడిమి లాభము రైతునకు తెలియదు. ఇట్టివాడు మధ్యవర్తి కాడు, ముసుగు వేసికొనిన వ్యాపారి. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము దీనిని ఉపేక్షింపలేదు. యజమానికి తెలియకుండ ఏజెంటు ఆ వ్యవహారమున సొంతముగ బేరము చేసి లాభము పొందినచో, ఆ లాభమును కోరుటకు యజమానికి హక్కు కలదు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా జనులు రెరా యని పిలుచునది, మరియొక రక్షణ కల్పించినది. రెరాలో నమోదైన లేఅవుటులలోను, భవన సముదాయములలోను అమ్మకములు కుదుర్చు ఏజెంటు తానును నమోదు కావలెను. నమోదు కావలసియుండియు కాని ప్రాజెక్టులో ప్లాటులు అమ్మించరాదు. లెక్కలు వ్రాయవలెను, లేని సౌకర్యములు ఉన్నవని చెప్పరాదు, బుకింగు సమయమున పత్రములన్నియు కొనువారికి అందునట్లు చూడవలెను. మీరినచో దినమునకు పదివేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో నూటికి ఐదు వరకు జరిమానా పడవచ్చును. అయితే గ్రామములో రైతు రైతునకు అమ్ము చేనునకు ఈ చట్టపు నీడ చేరదు. అచ్చట మన జాగ్రత్తయే మనకు చట్టము.

కావున మధ్యవర్తిని నియమించుకొను వారు కొన్ని నియమములు పాటించుట మేలు. ప్లాటు కొనునప్పుడు ఏజెంటు నమోదు సంఖ్యను అడిగి, రెరా వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను. ప్రతిఫలమెంత, ఎప్పుడు, ఎవరివలన అన్నది ముందుగా కాగితముపై వ్రాసికొనవలెను. ఇరుపక్షముల నుండి తీసికొనుచున్నచో ఆ సంగతి ఇరువురకు తెలియవలెను. భూమి సొమ్ము మధ్యవర్తి చేతికి గాక, బ్యాంకు ద్వారా నేరుగా యజమానికి చేరవలెను. అమ్మువారు, కొనువారు కనీసము ఒక్కమారైనను ఎదురెదురుగ కూర్చుండి ధరను తమ చెవులతో వినవలెను. ఇరువురిని కలియనీయని మధ్యవర్తిని వెంటనే మానుకొనవలెను. తుదకు, పత్రములను మధ్యవర్తితో సంబంధము లేని న్యాయవాదికి చూపవలెను. ఆ రుసుము దండుగ యని తలచరాదు.

ప్రతిఫలమిచ్చుటకు వెనుకాడి, చుట్టములు చెప్పిరని, స్నేహితులు చూపిరని భూమి కొని చిక్కులలో పడువారు కొందరు. ప్రతిఫలమిచ్చితిమి గదా యని కన్నులు మూసికొని సంతకము చేయువారు మరికొందరు. ఇరువురును ఒక్క తప్పునే చేయుచున్నారు. తాము చూడవలసినదానిని మరియొకరు చూచిరని నమ్ముచున్నారు. మంచి మధ్యవర్తి మనకు త్రోవ చూపును, ముళ్ళున్న చోట హెచ్చరించును. నడువవలసినది మాత్రము మన కాళ్ళతోనే. ఊరిదరి నేలకు గజములలో విలువ పెరుగుచున్న ఈ దినములలో అమ్మువానికి తరతరముల ఆధారము, కొనువానికి తన కష్టార్జితము ఒక్క సంతకముతో చేతులు మారుచున్నవి. ఆ సంతకమునకు ముందు తెలిసినవాని సలహా తీసికొనుట వివేకము. ఆ సలహాను కాగితముతోను, కొలతతోను సరిచూచుకొనుట అంతకంటె వివేకము.