క్యాలెండరు పనిముట్టునకు వివరణపత్రము వ్రాయుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నా వృత్తినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నా వృత్తి కొంచెము విచిత్రమైనది. నేను వ్రాయు కాగితములను మనుష్యులు చదువుట అరుదు, యంత్రములు చదువును. ఏఐ ఏజెంటు అను మాటను మీరు పత్రికలలో చూచుచున్నారు. మనము మామూలు మాటలలో ఒక పని చెప్పినచో దానిని గ్రహించి, తనకు అప్పగించిన పనిముట్లలో తగినదానిని ఎన్నుకొని, ఆ పనిని నెరవేర్చునది ఏజెంటు. పనిముట్టు అనగా ఇచట గడ్డపార కాదు. ఒక చిన్న పనిని చేసిపెట్టు కంప్యూటరు ప్రోగ్రాము. చేతిఫోనులోని క్యాలెండరులో పెండ్లి, సభ, వైద్యుని దర్శనము మొదలగువానిని నమోదుచేయు పనిముట్టు అట్టిది. దానికి వివరణపత్రము వ్రాయుటయే నేటి విషయము.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిని ప్రకటించినది. ఆ పద్ధతిలో ఒక పనిముట్టునుగూర్చి ఏజెంటునకు తెలియునవి ముఖ్యముగా మూడు: పేరు, వివరణము, పూరింపవలసిన గడుల పట్టిక. లోపలి ప్రోగ్రామును అది చూడదు. కొత్తగా వచ్చిన గ్రంథపాలకునికి బీరువా తాళములు ఇయ్యక పుస్తకముల జాబితా మాత్రము చేతికిచ్చినట్లని తలచుడు. అతడు మనిషి గనుక సందేహము కలిగినపుడు ఎవరినైన అడుగును. ఏజెంటు అట్లు కాదు. అడుగుమని వ్రాయనిచో చాలసారులు ఊహించి పూరించును. పూరించి "నమోదు చేసితిని" అని నిబ్బరముగా చెప్పును.

మన శుభలేఖను తీసికొనుడు. "శుక్రవారము రాత్రి 2-15 గంటలకు, తెల్లవారితే శనివారము" అని అచ్చువేయించుదుము. మన లెక్కలో దినము సూర్యోదయముతో మొదలగును గనుక ఆ ముహూర్తము శుక్రవారమునకే చెందినది. గడియారము లెక్కలో దినము అర్ధరాత్రి మారును. అందుచేత క్యాలెండరులో అది శనివారము 2-15 కావలెను. ఈ భేదము పత్రములో లేకున్నచో ఏజెంటు శుక్రవారపు తేదికే వేయవచ్చును. అప్పుడు గుర్తుచేయు గంట ఒకనాడు ముందుగా మ్రోగి, తాళికట్టు వేళకు మౌనముగా ఉండును. అందువలన ఆ గడి యెదుట నేను ఇట్లు వ్రాయుదును: "అర్ధరాత్రి మొదలు సూర్యోదయము లోపలి సమయమును ముందురోజు పేరుతో చెప్పు వాడుక కలదు. తెల్లవారితే అను మాట ఉన్నచో తరువాతి తేదిని వేయుము. లేకున్నచో అడుగుము."

ఇట్టి వాక్యము ఆంగ్లములో వ్రాసిన నమూనా పత్రములలో కానరాదు. మన శుభలేఖను ఎరిగినవారే దీనిని వ్రాయవలెను. ఈ పనిలో తెలుగువారు తప్పక ఉండవలెనని నేననుటకు కారణమిదియే.

తేదిని వ్రాయు తీరునందును చిక్కు కలదు. 5-6 అన్నచో మనకు జూన్ 5. అమెరికావారికి మే 6. 2002లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 3339 అను ఇంటర్నెట్ ప్రమాణము సంవత్సరము, నెల, దినము అను వరుసను నిర్ణయించినది. పత్రములో ఆ వరుసనే చెప్పి ఒక ఉదాహరణము చూపిన చాలును. ఇక ఏ దేశపు గంట అనునది. మన కాలము గ్రీనిచ్ కాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందు. కంప్యూటరు జాబితాలో దాని పేరు ఏషియా/కోల్‌కతా. మన ఊరికిని అదే పేరు. న్యూజెర్సీలోని మనుమడు ప్రతి ఆదివారము తన ఉదయము 8 గంటలకు ఫోను చేయుననుకొనుడు. వేసవిలో మనకది సాయంకాలము 5-30, చలికాలములో 6-30. అచట మార్చిలో గడియారమును ఒక గంట ముందుకు జరిపి నవంబరులో వెనుకకు త్రిప్పుదురు. కనుక గంటను మాత్రమే కాక ప్రాంతము పేరును కూడ పూరింపుమని వ్రాయవలెను.

దినమంతయు సాగు కార్యములకు మరియొక నియమము కలదు. 2009 నాటి ఐక్యాలెండరు ప్రమాణము, ఆర్‌ఎఫ్‌సి 5545, ప్రకారము ముగింపు తేది లెక్కలో చేరదు. భోగి, సంక్రాంతి, కనుమ జనవరి 14, 15, 16 తేదులలో వచ్చిన యేడు ముగింపు 17 అని వేయవలెను. 16 అని వేసినచో కనుమ పోవును!

మరల మరల వచ్చు కార్యములలో "ప్రతి నెల 31వ తేది" అన్నచో అదే ప్రమాణము 31 లేని నెలలను విడిచిపెట్టును. కార్యవర్గ సమావేశము ఏడాదికి ఏడు మారులే జరుగును. తండ్రిగారి ఆబ్దికము మాట ఇంకను గంభీరమైనది. అది తిథినిబట్టి వచ్చును. ఇంగ్లీషు తేదితో ఏటేట వచ్చునట్లు ఏజెంటు నమోదుచేసినచో మరుసటి యేడే తప్పును, కొడుకు ఫోనును నమ్మి కర్మ తప్పించుకొనును. "తిథితో చెప్పిన కార్యమునకు వార్షిక పునరావృత్తిని వేయకుము, ఆ యేటి పంచాంగపు తేదిని అడిగి ఒక్క మారే వేయుము" అని పత్రములో స్పష్టముగా ఉండవలెను.

పేరు, స్థలము, గుర్తుచేయు నిమిషములు అను గడులకు ఒక్కొక్క వాక్యము చాలును. ఆహూతుల గడికి చాలదు. తేది తప్పినచో దిద్దవచ్చును. నలువది మందికి చేరిన ఆహ్వానమును, వారు చదివిన పిదప, తిరిగి తెచ్చుకొనలేము. వైద్యుని యొద్దకు వెళ్లు సంగతి బంధువులందరికి తెలిసిపోవచ్చును. గూగుల్ క్యాలెండరులో ఆహూతులకు వార్త పంపవలెనా వద్దా అనుటకు వేరొక గడియే కలదు. అనుమతి లేనిదే దానిని "పంపుము" అని పూరింపరాదనియు, పంపుటకు ముందు పేర్లను చదివి వినిపింపవలెననియు నేను మొదటి వాక్యములలోనే వ్రాయుదును.

ఒక్కొక్కప్పుడు నమోదు జరిగియు జవాబు రాకపోవును. ఏజెంటు విఫలమైనదనుకొని మరల నమోదుచేసిన ఒకే సభ రెండుమార్లు కనబడును. మొదటనే ఒక గుర్తుసంఖ్యను ఇచ్చి, రెండవమారును అదే సంఖ్యతో ప్రయత్నింపుమనిన గూగుల్ క్యాలెండరు ఆ జంటను నిరాకరించును.

"మాపటికి వచ్చెదను", "సందెవేళ కలిసికొందము" అను మాటలకు ఏ గంట వేయవలెనని మా కార్యాలయములో ఒకరు అడిగిరి. సాయంకాలము 6 గంటలు అని ఒకరు, 7 అని మరియొకరు వాదించిరి. నేను పత్రములో అంకె వేయలేదు. "అడుగుము" అని వ్రాసితిని. మీ ఇండ్లలో ఆ మాటకు ఏ గంట అర్థమో, సభానంతరము నాకు చెప్పిన వ్రాసికొందును.