"కీప్ మి పోస్టెడ్" అంటే ఏమిటి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టరు ఇంగ్లీషు గురించి మాట్లాడడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. పిల్లలకు పనికివచ్చేది ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను.

పోయిన రంజానుకు ముందు మా వీధి పెద్దాయన ఒకరు మిఠాయి పొట్లంతో వచ్చారు. "మాస్టర్ సాబ్, అబ్బాయికి పోస్టింగ్ వచ్చేసింది, ముబారక్ చెప్పండి" అన్నారు. కాగితం చూశాను. ఇంటర్వ్యూ చేసిన కంపెనీవారు రాసింది నాలుగు వాక్యాలు. చివరిది, "వియ్ విల్ కీప్ యూ పోస్టెడ్". అంటే, సంగతులు ఎప్పటికప్పుడు తెలియజేస్తామని మాత్రమే. ఉద్యోగం ఇస్తామనీ లేదు, ఇవ్వమనీ లేదు. ఆ మిఠాయి నా గొంతు ఎలా దిగిందో అల్లాకే తెలుసు. అసలు నష్టం తర్వాత బయటపడింది. పని దొరికిందన్న ధీమాతో అబ్బాయి ఇంకోచోట దరఖాస్తు పెట్టలేదు. అక్కడ గడువు దాటిపోయింది.

ఆయన్ని నేను తప్పుపట్టను. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనే తరగతిలో ఈ మాటకు "పోస్టులో ఉత్తరం వేయండి" అని అర్థం చెప్పాను! తర్వాత నిఘంటువు చూస్తే తెలిసింది, ఇది తపాలా నుంచి వచ్చిన మాట కాదు, లెక్కల పుస్తకం నుంచి వచ్చింది.

ఇక్కడ దుకాణదారులు చాలామంది ఉన్నారు. రోజువారీ బేరం చిట్టాలో రాస్తారు. అక్కడి నుంచి ఎవరి పద్దు వారి పేరు కింద ఆవర్జాకు ఎక్కిస్తారు. ఈ ఎక్కించడాన్నే ఇంగ్లీషులో పోస్టింగ్ అంటారు. ఎక్కించినంతవరకు ఎవరి బాకీ ఎంతో అడగ్గానే చెప్పగలం. ఒక నెల ఎక్కించకపోతే ఆ ఆవర్జా ఉన్నా లేనట్టే. 19వ శతాబ్దంలో అమెరికావారు ఈ మాటను పుస్తకం మీదినుంచి మనిషి మీదికి తెచ్చారు. తాజా సంగతులన్నీ తెలిసినవాడు పోస్టెడ్. మన ఆవర్జా పార్సీ మాట, బాకీ అరబీ మాట. తెలుగువారి "కబురు" మన ఖబరే. కాబట్టి ఈ ఇంగ్లీషు మాట మనకు మరీ పరాయిదేమీ కాదు.

పిల్లలు వాడుక గమనించాలి. "కీప్ మి పోస్టింగ్" అనకూడదు. "కీప్ పోస్టెడ్" అని వదిలేయకూడదు, ఎవరికి తెలపాలో మధ్యలో రావాలి. ఒక్కసారి చెప్పి ఊరుకునే విషయానికి ఇది పనికిరాదు. మారుతూ ఉండే విషయానికే. స్నేహితుడు ఆసుపత్రిలో ఉంటే వాళ్ల అన్నతో అనవచ్చు. కలెక్టరుగారికి అర్జీ రాస్తే మాత్రం "కైండ్లీ కీప్ మి ఇన్‌ఫార్మ్‌డ్" అనండి, అది మర్యాద.

మరి మన ఆవర్జా ఎలా ఉంది? 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును 9, 10 తరగతులకే పరిమితం చేసింది. అంతకుముందు 1వ తరగతి నుంచి ఉండేది. ఆ మరుసటి సంవత్సరం కూడా చిన్న తరగతుల పిల్లల తల్లులు ఆదాయ సర్టిఫికెట్లు పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. కూలి మానుకొని, తిరిగి తిరిగి తెచ్చుకున్న కాగితాలవి. సర్కారు నిర్ణయం మీద నాకు కోపం ఉంది, అది వేరే సంగతి. కాని ఏడాదిపాటు వాళ్లకు ఈ కబురు చెప్పినవారు లేరు. వారిలో నేనూ ఒకణ్ణి.

సంఘం గదిలో ఒక నల్లబల్ల పెట్టమని కార్యదర్శిగారిని అడిగాను, ఒప్పుకున్నారు. స్కాలర్‌షిప్పులు, హజ్ దరఖాస్తులు, పరీక్ష ఫీజులు, వీటి గడువులు ఉర్దూలోను, తెలుగులోను రాయిస్తాం. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, మిఠాయి కొనకముందే, ఆదివారం అసర్ నమాజు తర్వాత తీసుకురండి. నేను అక్కడే ఉంటాను.